కందిరీగలకు మూడు రోజుల గడువు

తూర్పు గోదావరి సీమలో రామచంద్రపురం అనే ఊరు ఉన్నది. కాకినాడలో బస్సు ఎక్కితే ముప్ఫై కిలోమీటర్లు, అటూ ఇటూగా. కాకినాడ నుంచి కోటిపల్లి పోయే రైలుదారి కూడా ఈ ఊరి మీదుగానే వెళుతుంది. 1928లో వేసిన ఆ దారిని రెండవ ప్రపంచయుద్ధపు రోజుల్లో పీకేశారు. మళ్ళీ 2004లో వేశారు.

ఊరు దాటితే చాలు, ఎటు చూసినా పచ్చగా ఉంటుంది. వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు, వాటి నడుమ కాలవలు. ఈ కాలవల నీరు ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి వస్తుంది. అక్కడ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడు దాని స్థానంలో బారేజీ ఉన్నది. "ఈ పచ్చదనమంతా నీటి చలవ," అంటారు ఇక్కడివాళ్ళు. ఆ మాట నిజమే. కాని నీటితోపాటు మరి కొందరి కష్టం కూడా ఇందులో ఉన్నది. నేను బడిలో సైన్సు చెప్పే మేష్టరును. ఆ సంగతి పుస్తకాల్లో చదివి పిల్లలకు చెబుతూనే ఉన్నాను. అయితే, దాన్ని కళ్ళారా చూసింది మాత్రం శివరాత్రికి మా అక్క వాళ్ళింటికి రామచంద్రపురం వెళ్ళినప్పుడే.

అక్క వాళ్ళ ఇల్లు ఊరి చివర, కాలవగట్టుకు దగ్గర. నేను వెళ్ళేసరికి ఇల్లంతా గొడవగా ఉన్నది. ఆరో తరగతి చదువుతున్న మా మేనల్లుడు అరుగుమీద కూర్చుని ఏడుస్తున్నాడు. వాడి ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయింది. బుగ్గ బూరెలాగా పొంగింది. అక్క చన్నీళ్ళలో తడిపిన గుడ్డతో అద్దుతున్నది. రెండో తరగతి చదివే మేనకోడలు నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి, "మామయ్యా! అన్నయ్యను కందిరీగలు కుట్టాయి! రెండు చోట్ల!" అని చెప్పింది.

జరిగిందేమంటే, పశువులపాక చూరుకింద కందిరీగలు పట్టు పెట్టినవి. మావాడు దాన్ని బంతితో గురిచూసి కొట్టాడు. మొదటి దెబ్బ తప్పింది. రెండో దెబ్బ తగిలింది. ఆ తరవాతి సంగతి వాడి బుగ్గే చెబుతున్నది.

"నేను కొట్టలేదు. బంతే వెళ్ళి తగిలింది," అన్నాడు వాడు ఏడుపు ఆపి.

బావగారు పాలేరును పిలిచి, "రాత్రికి కాగడా కట్టి ఆ పట్టును కాల్చెయ్యి. వీధిగుమ్మం మీద మరొకటి పెడుతున్నాయి, దాన్ని కూడా," అన్నారు.

"బావగారూ, నేను ఇక్కడ మూడు రోజులు ఉంటాను. ఈ మూడు రోజులూ ఆగండి. ఆ తరవాత మీ ఇష్టం," అన్నాను.

"ఆగడం దేనికయ్యా? అవి మనకు చేసే మేలేమిటి?"

"అదే చూద్దామంటున్నాను."

బావగారు కొంచెం ఆలోచించి, "సరే. కుట్టించుకున్నవాడు వీడు. మూడో రోజు సాయంత్రం తీర్పు కూడా వీడే చెబుతాడు," అన్నారు.

మావాడు మూసుకోని కంటితో నన్ను చూసి, "కాల్చెయ్యడమే," అన్నాడు.

ఈ విధంగా కందిరీగలకు మూడు రోజుల గడువు దొరికింది.

ఆ సాయంత్రమే ఒక పని చేశాము. పెరట్లో దడిమీదికి గుమ్మడితీగ పాకి ఉన్నది. గుమ్మడికి మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. ఆడపువ్వును గుర్తుపట్టటం తేలిక. మొగ్గగా ఉన్నప్పుడే దానికింద గోలీకాయంత పిందె ఉంటుంది. మర్నాడు విచ్చుకోబోయే ఆడమొగ్గలు రెండు దొరికినవి. ఒకదానికి పల్చటి మల్లుగుడ్డ సంచీ తొడిగి, దారంతో వదులుగా కట్టాము. రెండోదాన్ని అలాగే వదిలేశాము.

బావగారి తల్లిని పిల్లలు మామ్మ అంటారు. ఆవిడ ఇది చూసి, "నా గుమ్మడిపిందెకు ముసుగెందుకు నాయనా?" అన్నది.

"రేపు దానిమీద ఏ పురుగూ వాలకుండా, అత్తయ్యగారూ."

"పురుగు వాలకపోతే మంచిదేగా! కాయ పుచ్చిపోకుండా ఉంటుంది."

"చూద్దామండీ," అన్నాను.

మర్నాడు తెల్లవారుతూండగానే లేచాము. అప్పటికే గుమ్మడిపువ్వులు విచ్చుకుని పసుపు గిన్నెల్లాగా ఉన్నవి. ఎండ ముదిరితే అవి ముడుచుకుపోతాయి. అందుచేత వాటిదగ్గరికి రావలసినవాళ్ళు పెందలాడే వస్తారు. ముందుగా తేనెటీగలు వచ్చినవి. మగపువ్వులో దూరి, ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని బయటికి వచ్చినవి. అదే ఒంటితో వెళ్ళి ఆడపువ్వులో దూరినవి. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరితేనే పిందె కాయ అవుతుంది. గుమ్మడితీగ కదలలేదు కదా. అందుకని పువ్వులో తేనె పెట్టి, ఆ పని ఈ పురుగుల చేత చేయించుకుంటుంది.

ముసుగు వేసిన పువ్వుమీద కూడా ఒక తేనెటీగ వాలింది. గుడ్డమీద అటూ ఇటూ నడిచి, దారి దొరకక వెళ్ళిపోయింది.

"పాపం!" అన్నది మేనకోడలు.

"ఎవరికి పాపం? తేనెటీగకా, పిందెకా?" అని అడిగాను. అది ఆలోచనలో పడింది.

పక్కనే వంగమొక్కలున్నవి. వాటి ఊదారంగు పువ్వులమీదికి పెద్ద నల్ల తుమ్మెద ఒకటి జుమ్మని వచ్చింది. పువ్వును కాళ్ళతో గట్టిగా పట్టుకున్నది. దాని చప్పుడు ఒక్కసారిగా మారి, సన్నటి గీర వినిపించింది. వంగపువ్వులో పుప్పొడి పైకి ఉండదు. నడిమి పసుపు కాడల్లో దాగి, వాటి కొనలకున్న చిన్న బెజ్జాల్లోంచి రాలుతుంది, ఉప్పుసీసాలోంచి ఉప్పు రాలినట్టు. ఉప్పుసీసాను ఊపాలి కదా! తుమ్మెద తన ఒంటిని అదరగొట్టి పువ్వును ఊపుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. ఈ తుమ్మెద ఎండిన కర్రలోనూ, పందిరి వెదుళ్ళలోనూ బెజ్జం తొలిచి కాపురం ఉంటుంది. మునగపువ్వులమీదికి కూడా ఇదే వస్తుంది. పందిరి వెదురు పాడుచేస్తున్నదని దాన్ని తరిమేస్తే, సాంబారులో మునక్కాడలు తగ్గుతాయి!

కాసేపటికి నల్లటి పసుపు చారలతో ఒక పురుగు వచ్చి గాలిలో కదలకుండా నిలబడింది. "కందిరీగ!" అని మావాడు వెనక్కు దూకాడు. నిజానికి అది ఉత్త ఈగ. కుట్టటానికి దానికి ముల్లే లేదు. కందిరీగ చారలు వేసుకుంటే పిట్టలు జోలికి రావని దానికి ఆ వేషం. రెక్కలు లెక్కపెడితే గుట్టు బయటపడుతుంది. కందిరీగకూ తేనెటీగకూ నాలుగు రెక్కలు, ఈగకు రెండే. ఇలాటి ఈగల్లో చాలావాటి పిల్లలు పైరు రసం పీల్చే పేనుబంకను తింటాయి. మామిడిపూతకు పుప్పొడి మోసేవాళ్ళలో కూడా ఈగలదే పెద్ద వాటా.

అయితే, ప్రతి పంటకూ పురుగు సాయం కావాలనుకోకండి. వరిపువ్వు తన పుప్పొడి తానే అందుకుంటుంది. మనం తినే అరటిపండులో గింజ ఉండదు, దానికి పుప్పొడితోనే పని లేదు. గుమ్మడి, బీర, పొట్ల, దోస, మునగ, మామిడి వీటికి మాత్రం వచ్చిపోయేవాళ్ళు ఉండాలి. కొబ్బరిపూతకు గాలి కొంత సాయపడుతుంది. తేనెటీగలు, చీమలు, కందిరీగలు కొంత సాయపడతాయి.

"కందిరీగలా?" అన్నాడు మావాడు.

"రా, చూపిస్తాను," అని వాణ్ణి ముంగిట్లో తులసికోట దగ్గరికి తీసుకుపోయాను.

తులసి వెన్నులు వేసి ఉన్నది. దాని చిన్న చిన్న పువ్వులమీద నాలుగైదు కందిరీగలు తిరుగుతున్నవి. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, సన్నటి నడుము, పొట్టమీద పసుపు పట్టీ. నిన్న మావాణ్ణి కుట్టినవి ఇవే. మేము రెండడుగుల దూరంలో కదలకుండా నిలబడ్డాము. అవి మమ్మల్ని పట్టించుకోనే లేదు. ఒక్కొక్క పువ్వులో మూతి పెట్టి, తేనె తాగి, పక్క పువ్వుకు పోతున్నవి.

"ఇప్పుడెందుకు కుట్టవు?"

"ఇది వాటి ఇల్లు కాదు కనక. కందిరీగ కుట్టేది పట్టులోని పిల్లలను కాపాడుకోవటానికి, లేదా దాన్ని పట్టి నలిపితే. పువ్వుమీద ఉన్నప్పుడు దాని ధ్యాస తేనెమీదే."

కందిరీగ నాలిక పొట్టి. లోతు పువ్వుల్లో తేనె దానికి అందదు. అందుకే తులసి, కొబ్బరి, కరివేపాకు వంటి చిన్నపూలను వెతుక్కుంటుంది. దాని ఒంటిమీద తేనెటీగకు ఉన్నంత నూగు లేదు. అందుచేత తక్కువ పుప్పొడి మోస్తుంది. కాని మోస్తుంది. ఇంకొక వింత చెబుతాను. తేనెటీగల పూర్వీకులు కూడా కందిరీగలే! పది కోట్ల యేళ్ళకు పూర్వమే కొన్ని కందిరీగలు వేట మానేసి, తమ పిల్లలకు పుప్పొడి పెట్టి పెంచటం మొదలుపెట్టినవి. వాటి సంతతే తేనెటీగలూ, తుమ్మెదలూను.

"మరి వేట మాననివాళ్ళు?" అన్నది మేనకోడలు.

దానికి జవాబు పశువులపాకలోనే దొరికింది. భోజనాలయిన తరవాత, పాకకు బాగా ఎడంగా కొబ్బరిచెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నాము. పట్టు అరచేయంత ఉన్నది. చూరువాసానికి ఒక సన్నటి కాడతో వేళ్ళాడుతున్నది. కింద వరసగా ఆరుపలకల గదులు. గదుల్లో తెల్లటి పిల్లపురుగులు తలకిందులుగా ఉన్నవి. కందిరీగలు వస్తున్నవి, పోతున్నవి. ఒకటి నోట్లో పచ్చటి ముద్దతో వచ్చింది. రెండోది వచ్చి అందులో సగం తీసుకున్నది. రెండూ ముద్దను నమిలి నమిలి, గది గదికీ తిరిగి పిల్లల నోళ్ళలో పెట్టినవి.

ఆ పచ్చటి ముద్ద ఏమిటనుకున్నారు? ఆకులు తినే గొంగళిపురుగు! పెద్ద కందిరీగకు ఆహారం తేనె. దాని పిల్లలకు మాత్రం మాంసం కావాలి. అందుకని అది పొద్దస్తమానం వంగమొక్కలమీదా, చిక్కుడుపాదుమీదా తిరిగి పురుగులను ఏరుకొస్తుంది. ఆ పని కూలి ఇచ్చి చేయించాలంటే ఎంత కష్టమో బావగారికి తెలుసు.

పట్టు దేనితో కట్టినవో కూడా చెప్పాలి. అది మైనం కాదు, కాగితం. కందిరీగ ఎండుకర్రను పళ్ళతో గీకి, ఉమ్మితో కలిపి గుజ్జు చేసి, పల్చగా పరుస్తుంది. ఆరితే కాగితమవుతుంది. ఒకప్పుడు యూరపులో కాగితాన్ని చింకిగుడ్డలతో చేసేవాళ్ళు. గుడ్డలు చాలేవి కావు. 1719లో రెయోమూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కందిరీగల పట్టును చూసి, "కర్రతో కూడా కాగితం చేయవచ్చునని ఇవి మనకు నేర్పుతున్నవి," అనే భావం వెల్లడించాడు. వంద యేళ్ళు పైగా గడిచాక అది నిజమయింది. ఇక్కడికి దగ్గరలోనే, రాజమహేంద్రవరంలో కాగితాల మిల్లు ఉన్నది కదా. అక్కడ సరుగుడు, సుబాబుల్ కర్రను గుజ్జు చేసి కాగితం తీస్తారు. మిల్లుకూ, మా అక్క పశువులపాకకూ పని ఒకటే!

బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అనే గొప్ప విద్యాసంస్థ ఉన్నది. అక్కడ రాఘవేంద్ర గదగ్కర్ అనే శాస్త్రజ్ఞుడు, మన ఇళ్ళ చూరుల్లో కనిపించే కందిరీగ జాతి ఒకదాన్ని నలభై యేళ్ళకు పైగా పరిశీలించాడు. ఏది ఏదో తెలియటానికి ఒక్కొక్క కందిరీగ ఒంటిమీద రంగుచుక్కలు పెట్టేవారు. ఆ జాతిలో గుడ్లు పెట్టే రాణి ఎవరిమీదా పెత్తనం చెయ్యదట. మెతకగా ఒకచోట కూర్చుంటుందట. రాణిని తీసేస్తే, పనివాళ్ళలో ఒకటి వెంటనే చెలరేగి మిగతావాటిని అదలిస్తుంది. వారం తిరిగేసరికి అదే రాణి అయి, గుడ్లు పెట్టి, మళ్ళీ మెతకబడుతుంది.

"మనం కూడా చుక్కలు పెడదామా?" అన్నాడు మావాడు ఉత్సాహంగా. వెంటనే బుగ్గ తడుముకుని, "వద్దులే," అన్నాడు.

సాయంత్రం గుమ్మడిపువ్వు ముడుచుకున్నాక దాని ముసుగు తీసేశాము. అప్పుడు మామ్మ నన్ను పిలిచి, "నీకు పురుగులంటే ఇంత ఇష్టమైతే, నా పుస్తకాల అలమారు చూడు," అన్నది. అలమారు మూల మట్టితో కట్టిన బొడిపెలు నాలుగున్నవి. అప్పుడే ఒక పెద్ద కందిరీగ, సన్నటి పొడుగాటి నడుముతో, తడిమట్టి ఉండను తెచ్చి చివరిదాని మూతి మూస్తున్నది. ఇది పట్టు పెట్టే జాతి కాదు. ఒంటరిగా తిరిగి మట్టిగూళ్ళు కడుతుంది. గోదావరి డెల్టాలో ఉన్న ఈ కందిరీగల లాటిన్ పేరు కూడా "డెల్టా" అనే మాటతోనే మొదలవుతుంది!

మామ్మ పిల్లలకు చెప్పింది: "దీన్నే భ్రమరకీటక న్యాయం అంటారు. భ్రమరం ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి, దాని చుట్టూ ఝుమ్మని తిరుగుతుంది. ఆ పురుగు భయంతో రాత్రింబగళ్ళు భ్రమరాన్నే తలుచుకుని, చివరకు భ్రమరమై బయటికి ఎగిరిపోతుంది. దేన్ని తలిస్తే అదే అవుతాం అని దీని అర్థం."

పూర్వులు ఎంత శ్రద్ధగా చూశారో ఆలోచించండి. లోపలికి పోయింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ. కళ్ళకు కనిపించింది అదే. గూట్లో జరిగేది మాత్రం కనిపించదు. మామ్మ ఒప్పుకున్న మీదట ఒక్క గూడు చాకుమొనతో మెల్లిగా తెరిచాము. లోపల పచ్చటి గొంగళిపురుగులు ఆరు! చావలేదు, కుళ్ళలేదు, పారిపోనూ లేదు. కందిరీగ వాటిని కుట్టి, కదలలేకుండా చేసి తెచ్చింది. గూటి కప్పునుంచి సన్నటి దారంతో ఒక గుడ్డు వేళ్ళాడుతున్నది. అది పొదిగితే వచ్చే పిల్ల, ఈ పురుగులను ఒక్కొక్కటే తిని, పెరిగి, రెక్కలు వచ్చి బయటపడుతుంది.

గుడ్డు దారంతో వేళ్ళాడటంలోని తెలివిని ఫాబ్ర్ అనే ఫ్రెంచి పెద్దమనిషి వివరించాడు. ఆయన 1823లో పుట్టి 1915 దాకా జీవించాడు. పేద బడిపంతులు. పురుగుల జీవితాల గురించి పది సంపుటాలు రాశాడు. కింద ఉన్న పురుగులు ఇంకా కొంచెం కొంచెం కదులుతూనే ఉంటాయి. గుడ్డు వాటి నడుమ ఉంటే నలిగిపోతుంది. పైన వేళ్ళాడితే భయం లేదు!

మామ్మ చాలాసేపు గూట్లోకి చూసింది. "అయితే తలుచుకోవడం కాదు, తినడమన్న మాట," అన్నది. తరవాత నెమ్మదిగా, "తల్లి మాత్రం తల్లే," అన్నది.

మూడో రోజు శివరాత్రి. అందరం ఆటోలో ద్రాక్షారామం బయలుదేరాము. రామచంద్రపురానికి అది ఆరేడు కిలోమీటర్లు. పంచారామాల్లో ఒకటి. అక్కడి భీమేశ్వరుని లింగం రెండంతస్తుల ఎత్తు ఉంటుంది.

దారిలో బావగారి దాళ్వాచేను దగ్గర ఆగాము. వరిఆకులకు అక్కడక్కడ చిన్న అట్టముక్కలు కట్టి ఉన్నవి. "అవేమిటండీ?" అన్నాను.

"కాండం తొలిచే పురుగు రాకుండా కట్టమని వ్యవసాయశాఖవాళ్ళు చెప్పారు. ఏవో గుడ్లట. తెచ్చి కట్టాను," అన్నారు బావగారు.

నాకు నవ్వాగలేదు. "బావగారూ! ఇంట్లో కందిరీగలను కాల్చమంటున్నారు, చేలో కందిరీగలను తెచ్చి వదులుతున్నారే!"

సంగతేమంటే, ఆ అట్టల్లోంచి వచ్చేది ట్రైకోగ్రామా అనే కందిరీగ జాతి. ఈ వాక్యం చివరి చుక్క కంటె పెద్దగా ఉండదు. మనుషులను కుట్టలేదు. అది చేలో తిరిగి, కాండం తొలిచే పురుగు గుడ్లను వెతికి, వాటిలోపల తన గుడ్లు పెడుతుంది. అప్పుడు ఆ గుడ్డులోంచి పురుగుకు బదులు మరో కందిరీగ వస్తుంది. వరిపువ్వుకు పురుగుల సాయం అక్కర్లేదన్నాను కదా. వరిమొక్కకు మాత్రం ఇలా అక్కరకు వస్తుంది. మందు ఎడాపెడా కొడితే పురుగుతోపాటు ఇవీ చస్తాయి.

బావగారు అట్టముక్కను తిప్పి తిప్పి చూసి, "ఇంతకాలం నాకెవరూ చెప్పలేదే!" అన్నారు.

ఇంకొంచెం ముందుకు పోతే కాలవగట్టున పెద్ద మేడిచెట్టు ఉన్నది. మొదటినుంచి కొమ్మలదాకా గుత్తులు గుత్తులుగా కాయలు. "మేడి పూయదు, కాస్తుంది," అన్నది మామ్మ. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని వేమన చెప్పిన పద్యం మేనకోడలికి కూడా వచ్చు. ఆ పురుగులెవరో చూద్దామని, పండబోతున్న కాయ ఒకటి కోసి చీల్చాము. లోపలినుంచి నుసిలాంటి చిన్న పురుగులు రెక్కలు విప్పుకుని ఎగిరినవి. అవి కూడా కందిరీగ జాతివే!

మేడికి పువ్వులు లేకపోలేదు. మనం కాయ అనుకునేది ఒక సంచీ. పువ్వులన్నీ దాని లోపలే ఉంటాయి. కొనకు సూదిమొనంత దారి ఉంటుంది. ఆడ కందిరీగ ఆ ఇరుకుదారిలో దూరుతుంది. దూరేటప్పుడు దాని రెక్కలు ఊడిపోతాయి. ఇక బయటికి రాలేదు. తాను తెచ్చిన పుప్పొడిని లోపలి పువ్వులకు అందించి, కొన్ని పువ్వుల్లో గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. పిల్లల్లో ముందు మగవి పుడతాయి. వాటికి రెక్కలే ఉండవు. అవి కాయగోడకు బెజ్జం తొలిచి, వెలుతురు చూడకుండానే చాలామట్టుకు చచ్చిపోతాయి. ఆ బెజ్జంలోంచి ఆడవి పుప్పొడి పట్టుకుని ఎగిరిపోయి, ఒకటి రెండు రోజుల్లోపల ఇంకొక మేడిచెట్టును వెతుక్కోవాలి. వాటికి ఉన్న ఆయుష్షు అంతే. మేడికుటుంబపు చెట్లకూ ఈ కందిరీగలకూ స్నేహం ఏడెనిమిది కోట్ల యేళ్ళనాటిదని అంచనా. ఆ పురుగు లేకపోతే మేడికి గింజ లేదు, మేడి లేకపోతే ఆ పురుగే లేదు. మేడిపండ్లు తిని బతికే పిట్టలూ, గబ్బిలాలూ, ఉడతలూ వీటన్నిటికీ అన్నం పెట్టేది నుసిలాంటి ఆ పురుగే.

ఇలాటి సంగతులు మన దగ్గర పరిశీలించినవాళ్ళు ఉన్నారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఎ.జె. సాలమన్ రాజు అనే ఆచార్యులు, ఏ పువ్వుమీద ఏ పురుగు వాలుతుందో యేళ్ళ తరబడి చూసి రాశారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరింగ మడఅడవుల పువ్వులను కూడా సాలమన్ రాజు పరిశీలించారు.

దర్శనం చేసుకుని ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. పెరట్లో బీరపువ్వులు విచ్చుకుంటున్నవి. గుమ్మడిది తెల్లవారుజాము కొలువు, బీరది సాయంకాలపు కొలువు. బావగారు అరుగుమీద కూర్చుని, "ఊఁ, గడువు తీరింది. తీర్పు చెప్పరా," అన్నారు.

మావాడి కన్ను అప్పటికి తెరుచుకున్నది. వాడు పాకకేసి చూశాడు, వీధిగుమ్మం కేసి చూశాడు. "పాకలోది ఉండనిద్దాం నాన్నా. నేను బంతాట ముంగిట్లో ఆడుకుంటాను. ఆ పక్కకు ఎవరూ పోకుండా తాడు కడదాం. కాని గుమ్మం మీది దాన్ని తీసెయ్యాలి. మామ్మకు చూపు సరిగా ఆనదు. ఆవిడ తల దానికి తగులుతుంది," అన్నాడు.

నాకు రెండూ ఉంచితే బాగుండుననిపించింది. కాని వాడు చెప్పింది సబబుగా ఉన్నది. గుమ్మం మీది పట్టు అప్పుడే మొదలయింది. రూపాయిబిళ్ళంత ఉన్నది. చీకటి పడ్డాక పాలేరు ఒళ్ళంతా దుప్పటి కప్పుకుని, పొడుగాటి కర్రతో దాన్ని రాల్చేశాడు. కాగడా వెలిగించలేదు.

"మరి దాంట్లో పిల్లలు?" అన్నది మేనకోడలు. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

చదువుతున్న పిల్లలకు ఒక మాట. పట్టు దగ్గరికి మీరు వెళ్ళకండి, రాయి విసరకండి. మనుషులు మసిలే చోట పట్టు ఉంటే పెద్దవాళ్ళకు చెప్పండి. కుండంత పెద్ద పట్టు పెట్టే కందిరీగలు చాలా ప్రమాదం. పెద్దవాళ్ళు కూడా తెలిసినవాళ్ళ చేతే తీయించాలి. ఎక్కువ చోట్ల కుట్టినా, ఊపిరి ఆడకపోయినా, గొంతు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. మీ నాన్నగారికి తోట ఉంటే, పువ్వులు విచ్చుకుని ఉన్న వేళ మందు కొట్టవద్దని నా మాటగా చెప్పండి.

పదిరోజుల తరవాత అక్క ఫోను చేసింది. మావాడు ముందుగా ఫోను లాక్కుని, పట్టు ఇంకో రెండు వరసలు పెరిగిందనీ, కొబ్బరిచెట్టు కిందనుంచి రోజూ లెక్కపెడుతున్నాననీ చెప్పాడు. తరవాత మామ్మ మాట్లాడింది.

"నాయనా, నువ్వు ముసుగు వేసిన పిందె పచ్చబడి రాలిపోయింది. రెండోది కొబ్బరికాయంత అయింది. నాకు బాగా తెలిసింది. ఈసారి వచ్చినప్పుడు మాత్రం నా పిందెలకు ముసుగులు కట్టకు!"